బరంపురంలో ఏడాదంతా ఇంటి పూలు కావాలంటే ముందు ఖాళీ నెలలు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: విజయవాడ నుంచి బదిలీ మీద బరంపురం వచ్చారు, ఇంటి ముందు రెండు మూడు మంచాలు పట్టే మట్టి జాగా, డాబా మీద కుండీలకు చోటు ఉన్నాయి. రోజూ దేవుడికీ, హాల్లో ఒక పళ్లెంలోకీ ఏడాది పొడవునా ఇంటి పూలే కావాలి. మందులు కొట్టకూడదు. పండగ అలంకరణకు పూలు గుచ్చే ఆ పచ్చ స్పాంజీ కొనకూడదు. చివర్లో, గంజాం జిల్లాకి వచ్చాం కదా, మొగలి పెంచొచ్చా అని కూడా అడిగారు.

మేం తరాలుగా ఇక్కడివాళ్లం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పెరటి పని మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను, కాబట్టి నేను చెప్పేవి ఈ నేలకీ ఈ గాలికీ సరిపోయేవే. విజయవాడ అలవాట్లు కొన్ని ఇక్కడ పనికిరావు.

చాలామంది చేసే పని ఏంటంటే, ఇష్టమైన పూల పేర్లు రాసుకుని నర్సరీకి వెళ్తారు, ఆ రోజు పూసి కనిపించినవి కొనుక్కొస్తారు. జనవరిలో వెళ్తే చామంతులు, మార్చిలో వెళ్తే మల్లెలు. దాంతో ఇల్లంతా ఒక నెల పూసి, మిగతా నెలలు ఆకులు చూసుకుంటూ కూర్చోవాలి. నేనైతే తిరగేసి మొదలుపెట్టమంటాను. ఇక్కడ పూలు దొరకని కాలాలు రెండు: మే ఎండలు ఒకటి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానా గాలీ ఇంకొకటి. ఈ రెండింటినీ దాటించే మొక్కలు ముందు నేలలో పాతుకుంటే, మిగతావి ఎప్పుడు వచ్చినా చుట్టాలే.

దాటించేవాటిలో నా మొదటి ఓటు నందివర్ధనానికి. ఇక్కడి నర్సరీలో టగర అని అడగండి. రేకది, ముద్దది రెండూ దొరుకుతాయి. రేకది ఎక్కువ పూస్తుంది, ముద్దది పళ్లెంలో అందంగా ఉంటుంది. కొద్దిపాటి నీడనూ ఓర్చుకుంటుంది, దాదాపు ఏడాదంతా పూస్తుంది, పురుగు కూడా తక్కువే. తర్వాత నూరు వరహాలు. మా వైపు ఎర్రమట్టి ఎక్కువగా పులుపు మట్టే, ఆ చెట్టుకి అదే ఇష్టం. కుండీలో పెట్టి సున్నం ఉన్న బోరు నీళ్లు పోస్తే ఆకు పసుపెక్కుతుంది, అందుకే దాన్ని నేలలోనే పెట్టండి. ఒక్కో గుత్తి నీళ్లలో రోజుల తరబడి నిలుస్తుంది. ఇక మందారం. ఒక్కరోజు పువ్వే, కానీ ఆ ఒక్కరోజూ నీళ్లు లేకపోయినా వాడదు. పొద్దున్నే కోసి పొడి పళ్లెంలో, టేబుల్ మీద ఎక్కడ పెట్టినా సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. మే నెలలో వాజులో నీళ్లు వేడెక్కి తక్కినవన్నీ వేలాడిపోతే మా ఇంట్లో మందారాలూ, ప్రహరీ మీది కాగితం పూలే ఆదుకుంటాయి. కాగితం పూలకి నీళ్లు ఎక్కువ పోయకండి. దాహంలో ఉన్నప్పుడే బాగా పూస్తాయి.

గన్నేరు కూడా గట్టిదే, కానీ చెట్టంతా విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు. భోజనాల టేబుల్ మీద అలంకరణకి అసలు వద్దు.

ఇప్పుడు పని ఎప్పుడు మొదలుపెట్టాలి? మే నెలాఖరులో గోతులు తీసి ఎండనివ్వండి. బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), గుప్పెడు వేప పిండి కలిపి సిద్ధం చేసుకోండి. జూన్ మధ్యలో మిథున సంక్రాంతి చుట్టూ మూడు రోజులు ఇక్కడ రజో పండగ. భూమాతకి విశ్రాంతి రోజులని ఆ మూడు రోజులూ దున్నరు, తవ్వరు. ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, ఇంటింటా పోడొపిఠా అనే పిండివంట చేస్తారు. మాది తెలుగిల్లయినా నేనూ గునపం ముట్టను. మీ పక్కింటివాళ్లు ఒడియావాళ్లయితే మీరూ ముట్టకండి, బాగుండదు. పండగ అయ్యేసరికి తొలకరి కూడా పడుతుంది కాబట్టి ఆ తర్వాత నాటితే నీళ్లు మోసే బాధ తప్పుతుంది. పొదలన్నీ ఆ వారంలోనే పెట్టేయండి.

రెండో ఖాళీ అసలు కష్టం. దసరాకి పూలు కావాలి, తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి గజపతి జిల్లాని, అటు పలాస వైపునీ కుదిపేసింది. రెండూ నవరాత్రుల్లోనే. తుఫాను రాని ఏడు కూడా అక్టోబరు గాలికి నడుమెత్తు ముద్దబంతి నిలబడదు, తడిసిన తలల బరువుకే ఒరిగిపోతుంది. అందుకే దసరాకి బంతి వేసుకోవాలనుకుంటే పొట్టి రకం చిట్టిబంతి వేయండి. జూలై రెండో సగంలో నారు పోస్తే సరిపోతుంది. దానితోపాటు కనకాంబరం ఉండాలి. అది నేలకి దగ్గరగా పెరుగుతుంది, పలుచని నీడలో కూడా పూస్తుంది, పువ్వు కోశాక కూడా తొందరగా వాడదు. కనకాంబరానికి వేర్లలో నులిపురుగు బెడద ఉంటుంది. బంతి వేర్లు ఆ పురుగుని తగ్గిస్తాయి కాబట్టి, ఒక కారు బంతి పూశాక అదే మడిలో కనకాంబరం నాటడం మా పద్ధతి. కనకాంబరం విత్తనం కాయలు ఎండాక వాన చినుకు తగిలితే టప్పున పేలి చెదిరిపోతాయి. విత్తనం కావాలంటే వానకి ముందే కోసుకోవాలి.

ఆ నెలల్లోనే పారిజాతం రాలుతుంది. దాన్ని ప్రహరీ లోపలే, ఒక మూలకి నాటండి. రోడ్డు మీదకి రాలితే పొద్దున్న ఏరుకోవడానికి మీకంటే ముందు వీధంతా వచ్చేస్తుంది. (మా వీధిలో దీని మీద ఏటా ఒక పంచాయితీ జరుగుతుంది.)

చలికాలం సులువు, పెద్దగా చెప్పను. సంక్రాంతి బంతికి అక్టోబరులో నారు పోయండి, నాటిన నెలకి తల తుంచితే పక్క కొమ్మలొస్తాయి. చామంతి మాత్రం ఒక్క విషయంలో పేచీ పెడుతుంది. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ వేస్తుంది, అందుకే వీధి దీపం వెలుగు రాత్రంతా పడే చోట పెడితే ఆకులే పెంచుకుంటూ ఉంటుంది. డాబా మీద చీకటి మూల చూసి పెట్టండి. పూత అయ్యాక మొక్కని పీకేయకండి. కొమ్మలు కత్తిరించి నీడలో వేసవి దాటిస్తే, వానాకాలంలో పిలకలు విడదీసి కొత్త కుండీలు చేసుకోవచ్చు. కాగడా మల్లె ఒక తీగ ఉంటే చలికాలంలో జడకి ఇబ్బంది ఉండదు. మార్గశిర గురువారాలు మన ఇళ్లలోనూ, ఒడియా ఇళ్లలోనూ లక్ష్మీపూజ. వాళ్లు ముంగిట్లో బియ్యప్పిండి నీళ్లతో ఝోటి వేస్తారు. మన ముగ్గు మధ్యలో బంతి రేకులు పెట్టినట్టే దాని మీదా పెట్టి చూడండి, తెలుపు మీద ఆ పసుపు భలే తేలుతుంది.

మల్లెకి కావలసిందల్లా నిర్దాక్షిణ్యంగా కత్తిరించే చెయ్యి. నవంబరులో నీళ్లు తగ్గించి, నెలాఖరుకి మూరెడు ఎత్తులో కొమ్మలు కోసి, మిగిలిన ఆకు దూసేయండి. చెట్టు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. కొన్నాళ్లు ఆగి గెత్తం వేసి నీళ్లు మొదలుపెడితే ఫిబ్రవరి చివర నుంచి మొగ్గలు. రెండేళ్లకోసారి చైత్రంలో ఇక్కడి ఊరి దేవత బుడ్ఢీ ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో ఊరంతా పూలకి ఎగబడతారు, సరిగ్గా అప్పుడే మీ చెట్టు నిండుగా ఉంటుంది.

పురుగుల సంగతి. మందారానికి పిండినల్లి తప్పదు. ముందు చీమల బారు ఎటు నుంచి వస్తోందో చూడండి, ఆ తెల్ల పురుగుని మోసుకొచ్చి కాపలా కాసేవి అవే. ముదిరిన కొమ్మ కోసి పారేసి, మిగతా దాన్ని గట్టి నీటిధారతో కడిగి, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పొద్దున్న కొడితే తేనెటీగలకి తగులుతుంది. మొక్కలకి పోసే జీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే ద్రవ ఎరువు) 200 లీటర్ల లెక్క చూసి భయపడకండి. బకెట్‌కి 20 లీటర్ల నీళ్లు, కిలో పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి. రెండు రోజులు నీడలో కలుపుతూ ఉంచి, వారంలోపు వాడేయాలి. మే నెలలో నీటికి కటకటైతే నేలలో నాటిన మొక్కల మధ్య ఒక మామూలు మట్టికుండని మెడ దాకా పాతి నింపి మూత పెట్టండి. నీళ్లు దానంతటవే ఊరుతూ ఉంటాయి. పైన ఎండాకులు, కొబ్బరి పీచు పరవండి.

ఇక అలంకరణ. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త సాగదీస్తాను. షాపులో దొరికే పచ్చ స్పాంజీ ప్లాస్టిక్ జాతిదే. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేస్తారు, మట్టిలో కలవదు, నలిపితే పొడై కాలవల్లోకి పోతుంది. దాని పనంతా చేసిపెట్టే వస్తువు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది: అరటి బోదె. గెల కోసిన చెట్టు బోదెని జానెడు ముక్కలు కోసి, అడుగు చదునుగా చెక్కి పళ్లెంలో నిలబెట్టండి. పుల్లతో బొక్క పొడిచి, కాడ ఏటవాలుగా కోసి గుచ్చితే పువ్వు కదలదు. బోదె నిండా నీరే కనుక రెండు మూడు రోజులు వాడకుండా ఉంటుంది. అడుగున తప్పకుండా ఆకు వేయండి, అరటి జిగురు గుడ్డకి అంటితే ఆ మరక పోదు. పని అయ్యాక ముక్కలు తరిగి ఎరువు గుంటలో వేసేయడమే. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఇక్కడ బొయితొ బందాణొ అని చిన్న పడవలు చెరువులో వదులుతారు. థర్మాకోల్ పడవలు కొనకండి, ఇదే బోదె డొప్పతో చేసి దీపం, తాంబూలం, నాలుగు పూలు పెట్టి వదలండి.

దండకి ప్లాస్టిక్ దారం వద్దు. డొప్పని ఎండబెట్టి చీల్చిన అరటి నారని తడిపి కడితే పువ్వు కాడ తెగదు, నిర్మాల్యం దారంతో సహా ఎరువులోకి వెళ్లిపోతుంది. కుంకుమ, కర్పూరం పడ్డవి మాత్రం వేరు చేయండి.

కూర్పు విషయంలో నా పక్షపాతం చెప్పేస్తాను: కదంబం దండ కట్టడం వచ్చినవాళ్లకి వేరే డిజైన్ క్లాసులు అక్కర్లేదు. కాస్త తెలుపు, కాస్త కాషాయం, మధ్యమధ్య మరువం ఆకుపచ్చ, అంతే కదా. పళ్లెంలోనూ అదే లెక్క. ఖాళీ నెలల్లో పువ్వు తగ్గించి ఆకు పెంచండి. ఒక పెద్ద క్రోటన్ కొమ్మ, దాని పాదాల దగ్గర అయిదారు నందివర్ధనాలు ఉంటే చాలు, అక్టోబరు వానలో కూడా హాలు కళగా ఉంటుంది. ఇరవై పూలు దొరకలేదని బజారుకి పరిగెత్తాల్సిన పని లేదు. తెల్లారగట్ల కోయండి, నీళ్లలో మునిగే ఆకులు దూసేయండి, నీళ్లు రోజూ మార్చండి. బంతి ఉన్న నీళ్లు మర్నాటికే కంపు కొడతాయి.

మొగలి మాత్రం మీ జాగాలో వద్దు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే, ఛత్రపూర్ వైపు పొలం గట్ల మీద మీరే చూస్తారు. కానీ అది మనిషికి రెండింతలు పెరిగి ఊడలు దించుకుంటూ పాకుతుంది, ఆకు అంచు నిండా ముళ్లు. పైగా ఆడ మగ చెట్లు వేరు. ఆ వాసన మగ పొత్తిదే, మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఏది ఏదో చెప్పలేం. తెలిసిన మగ చెట్టు పిలక తెచ్చినా పూత చూడ్డానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా మీకు మళ్లీ బదిలీ కావచ్చు. వానాకాలంలో బజారుకి పొత్తులు వస్తాయి. ఒకటి కొనుక్కుని, రేకులు విడదీసి కొన్ని జడకి, మిగతావి బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టుకోండి. శివపూజకి మాత్రం అవి పనికిరావని మీకు తెలిసే ఉంటుంది.