గంజి చొక్కా, పీచు పట్టా

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా ఇంటి వెనుకే కొబ్బరి పీచు తీసే షెడ్డు ఉంది. ఎనిమిదేళ్ల మా అబ్బాయి గుమ్మంలోని పీచు పట్టా మీద కాలు పెట్టడు. గంజి పెట్టిన యూనిఫాం తొడిగితే మెడ దగ్గర పీక్కుంటూ ఏడుస్తాడు. ఒంటి మీద దద్దుర్లేమీ లేవు. మా అత్తగారు గారాబమంటున్నారు. బలవంతంగానైనా అలవాటు చేయాలా?
– ఒక తల్లి

జవాబు: బలవంతం చేయకండమ్మా. తొడుక్కున్న కాసేపటికే మనం మరచిపోయే చొక్కా స్పర్శను కొందరు పిల్లల నాడీవ్యవస్థ రోజంతా మరవలేదు. ఇలాంటి పిల్లల గురించి అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్ 1964లోనే రాశారు కనుక, ఇది ఈ కాలపు గారాబం కాదని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి.

కొబ్బరి పీచులో చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ దాదాపు 40 శాతం ఉంటుంది. అందుకే పోగు కొన చర్మానికి తగిలినప్పుడు వంగకుండా గుచ్చుకుంటుంది. నూలు సహజంగా మెత్తనే అయినా, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాలరు అంచు అట్టముక్కలా బిగుసుకొని, మన డెల్టా ఉక్కపోతలో చెమట పట్టిన మెడను తిప్పినప్పుడల్లా గీరుతుంది. ఒకసారి ఆ అంచును, దాని కింద కుట్టిన లేబులును మీ కింది పెదవికి ఆనించి చూడండి, వాడి బాధేమిటో తెలుస్తుంది.

యూనిఫాంకు గంజి మానేయండి. కొత్త చొక్కాను రెండు మూడుసార్లు ఉతికాకే తొడగండి. లేబులును కత్తిరిస్తే మిగిలే మొన మరింత గుచ్చుతుంది కాబట్టి కుట్టు విప్పి తీసేయండి. ఇలాంటి పిల్లలను పైపైన తాకే స్పర్శ కలవరపెడుతుంది, నిలకడైన ఒత్తిడి చాలామందికి ఊరటనిస్తుంది. అందువల్ల స్నానమయ్యాక తువాలుతో రుద్దకుండా కాస్త గట్టిగా అద్దండి, వెనక నుంచి చెప్పకుండా ముట్టుకోకండి. పీచు అలవాటు చేయాలనుకుంటే, కొబ్బరికాయ వలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకొని, వాడికిష్టమైతేనే ఒక్క పోగును ముట్టుకోనివ్వండి. చాలన్నాడంటే ఆ పూటకు అక్కడితో ఆపండి.

దద్దుర్లు, ఎరుపు కనిపిస్తే చర్మవైద్యునికి చూపించాలి. మాటలోనో ఆటలోనో తిండిలోనో కూడా ఇబ్బంది ఉంటే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందానికి చెప్పండి, 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించి అవసరమైతే పై కేంద్రానికి పంపుతారు. ఈలోగా పీచు పట్టాను పెరటి గుమ్మానికి మార్చి, వీధి గుమ్మంలో పాత నూలు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పరచండి.