మొదటిరోజు బడి, ఆగని ఏడుపు: బాబుకు చెప్పకుండా వచ్చేయవచ్చా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు నిండాయి. ఈ వారమే ప్రీస్కూల్‌లో చేర్పించాం. మొదటిరోజు నేనే తీసుకెళ్లాను. కనపడకుండా వెళ్లిపోతే త్వరగా అలవాటుపడతాడని అక్కడివారు చెప్పడంతో, వాడు బొమ్మల దగ్గర కూర్చోగానే నెమ్మదిగా బయటికి వచ్చేశాను. గేటు దాటకముందే ‘నాన్నా’ అని వాడు పెట్టిన కేక వినిపించింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. అప్పటినుంచి ఇంట్లో నన్ను ఒక్క క్షణం వదలడం లేదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఇంతగా ఏడిస్తే పసి మనసు దెబ్బతింటుందా? ఏడాది ఆగి చేర్పిద్దామని నా భార్య అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన లక్షణాలన్నీ కొత్తగా బడిలో చేరిన పిల్లల్లో మేము తరచుగా చూసేవే. వాటిని బట్టి బాబు మనసు దెబ్బతిన్నదని భయపడనవసరం లేదు. అయితే ఒక్క విషయం మాత్రం రేపటినుంచే మార్చుకోవాలని గట్టిగా కోరుతున్నాను. ఎంత ఏడ్చినా సరే, బాబుకు చెప్పి, వాడు చూస్తుండగానే బయటికి రండి.

అమ్మానాన్నలు కనుమరుగైతే ఏడవడం పిల్లల్లో సుమారు 8 నెలల వయసులో మొదలై, ఏడాది, ఏడాదిన్నర మధ్యలో బాగా పెరిగి, మూడేళ్లు వచ్చేసరికి చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. అయినా కొత్త చోటు, కొత్త మనుషులు, ఎప్పుడూ ఎరగని హడావుడి ఒక్కసారిగా ఎదురైనప్పుడు మూడేళ్ల పిల్లల్లో ఆ బెంగ మళ్లీ తలెత్తడం సహజం. బిడ్డకు మీతో గట్టి అనుబంధం ఉందనడానికి ఇదొక గుర్తు. అందువల్ల ఏడుపును ఎలాగైనా తప్పించాలన్నది మీ లక్ష్యం కాకూడదు. నాన్న వెళ్తే మళ్లీ వస్తాడన్న నమ్మకం వాడిలో నిలబడటమే మనకు ముఖ్యం.

చెప్పకుండా వచ్చేయడం ఆ నమ్మకాన్నే దెబ్బతీస్తుంది. బాబు వైపునుంచి ఆలోచించి చూడండి. మీరు ఉన్నారన్న ధైర్యంతో వాడు బొమ్మల వైపు తిరిగాడు, తల ఎత్తి చూసేసరికి మీరు లేరు. దాన్నుంచి మూడేళ్ల పిల్లవాడు గ్రహించేది ఒక్కటే: ఆటలో పడితే నాన్న మాయమవుతాడు, కాబట్టి ఇక కాపలా కాయాలి. ఇంట్లో వాడు మిమ్మల్ని వదలకుండా తిరగడానికి చాలావరకు కారణం ఇదేనని నా అభిప్రాయం. వీడ్కోలు చెప్పినప్పుడు ఏడుపు ఎక్కువగా వినిపించవచ్చు, కానీ అది త్వరగా సర్దుకుంటుంది. ఎప్పుడు మాయమవుతారోనన్న భయం మాత్రం రోజంతా వెంటాడుతుంది. ఆ సలహా ఇచ్చినవారు మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉంటారు, ఎందుకంటే గుమ్మం దగ్గరి ఏడుపు అప్పటికి కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఆ సలహాతో నేను ఏకీభవించలేను.

ఏడుపు శాశ్వతంగా హాని చేస్తుందా అని అడిగారు. ఓదార్చే పెద్దలు పక్కన ఉన్నప్పుడు కొంతసేపు ఏడ్చి తేరుకోవడం వల్ల పిల్లలకు హాని జరగదు. ఓదార్పు దొరకకుండా రోజుల తరబడి సాగే ఆందోళన గురించే మనం కంగారుపడాలి. 1950ల ప్రాంతంలో, తల్లిదండ్రులను ఆసుపత్రి వార్డుల్లో ఉండనివ్వని కాలంలో, బ్రిటన్‌లో పిల్లల మనసును అధ్యయనం చేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ ఆసుపత్రిలో అలా ఒంటరిగా ఉన్న పిల్లలను పరిశీలించారు. మొదట గట్టిగా ఏడ్చిన పిల్లలు తరవాత మౌనంగా మారేవారని, సిబ్బంది దాన్ని అలవాటుపడటంగా పొరబడేవారని, నిజానికి అది నిరాశ అని వారు గుర్తించారు. కొన్ని గంటల బడిని ఆ ఎడబాటుతో పోల్చలేం, కానీ ఒక విషయం మాత్రం మనకు పనికొస్తుంది. ఏడుపు ఆగినంత మాత్రాన బిడ్డ కుదురుకున్నట్టు కాదు. అందువల్ల సాయంత్రం టీచర్‌ను ‘ఈరోజు ఏడ్చాడా’ అని అడిగి ఊరుకోకండి. ఏడ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాడు, ఎంతసేపటికి తేరుకున్నాడు, ఆడుకున్నాడా, తిన్నాడా, అక్కడ టాయిలెట్‌కు వెళ్లాడా అని అడగండి. ఒక టీచర్ దగ్గరికైనా వాడంతట వాడు ఓదార్పుకోసం వెళ్తున్నాడంటే, గుమ్మం దగ్గర ఎంత ఏడ్చినా మీరు దిగులుపడనవసరం లేదు.

వీడ్కోలు చిన్నదిగా, రోజూ ఒకేలా ఉండాలి. ఒకసారి దగ్గరికి తీసుకుని, ఎప్పుడు వస్తారో వాడికి అర్థమయ్యేలా చెప్పండి. మూడేళ్ల పిల్లలకు గడియారం తెలియదు కనుక ‘పన్నెండింటికి వస్తాను’ అనడం కంటే ‘మీరు పాటలు పాడుకోవడం అయ్యాక వస్తాను’ అనడం మేలు. బాబును టీచర్ చేతికి అప్పగించి బయటికి రండి, వచ్చాక మళ్లీ లోపలికి వెళ్లకండి. చెప్పిన వేళకు ఆలస్యం చేయకుండా రావడం అన్నిటికంటే ముఖ్యం. ఇంటినుంచి వాడికి ఇష్టమైన చిన్న బొమ్మో మెత్తని గుడ్డో వెంట ఉంచుకోవడానికి బడివారు ఒప్పుకుంటే తప్పక ఇవ్వండి.

మీ కన్నీళ్ల గురించి సంకోచపడుతూ రాసినట్టు అనిపించింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఇది భద్రమైన చోటా కాదా అన్నది పిల్లలు ముందుగా మన ముఖంలోనే చదువుతారు. 1985లో ప్రచురితమైన ఒక అమెరికన్ ప్రయోగంలో, ఏడాది వయసు పిల్లలను గట్టి గాజు పలక పరిచిన బల్లమీద, గాజు కింద పల్లం కనిపించే అంచు దగ్గర ఉంచారు. అవతల తల్లి నవ్వుతూ కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది దాటి వెళ్లారు. తల్లి ముఖంలో భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. అందువల్ల గేటు దాటేదాకా ముఖాన్ని కొంచెం స్థిమితంగా ఉంచుకోండి. మీ ఇద్దరిలో ఆ వేళకు ఎవరు ఎక్కువ నిబ్బరంగా ఉండగలరో వారే కొద్దిరోజులు దిగబెట్టి రండి.

కడుపునొప్పిని దయచేసి నటన అనుకోకండి. ఆందోళన వల్ల పేగుల కదలికలో మార్పు వచ్చి నిజంగానే నొప్పి పుడుతుంది. మరో కారణమూ ఉండవచ్చు. కొత్త చోట టాయిలెట్ అడగడానికి జంకి పిల్లలు మలం, మూత్రం ఆపుకుంటారు. దానివల్ల మలబద్ధకం ఏర్పడి కడుపునొప్పి వస్తుంది, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడంతో రాత్రి పక్క తడపడమూ పెరుగుతుంది. కాబట్టి బాబుకు విరేచనం రోజూ సాఫీగా అవుతోందో లేదో గమనించండి. బడికి వెళ్లగానే ఆ టాయిలెట్‌ను మీరే ఒకసారి దగ్గరుండి చూపించండి, ఏ మాటతో అడగాలో నేర్పి, అదే మాట టీచర్‌కూ చెప్పండి. పక్క తడిపినందుకు కోప్పడవద్దు, నలుగురిలో ఆ ప్రస్తావన తేవద్దు. మూత్రంలో మంట, జ్వరం, విపరీతమైన దాహం, మలంలో రక్తం, పదేపదే వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి, సెలవురోజుల్లోనూ తగ్గని నొప్పి, వీటిలో ఏది కనిపించినా బెంగ అని సరిపెట్టుకోకుండా వెంటనే పిల్లల వైద్యుడికి చూపించండి.

నిద్ర చాలకపోతే ఏ బెంగైనా రెట్టింపవుతుంది. ఈ వయసులో పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. రానున్న నెలల్లో జలుబులు కూడా తరచుగా వస్తాయి, దానికి కంగారుపడకండి.

ఇక ఏడాది వాయిదా సంగతి. బాబు ఎదుగుదల, మాట వయసుకు తగ్గట్టు ఉంటే, మొదటి వారం ఏడుపును చూసి మానిపించమని నేను చెప్పను. ఇప్పుడు ఆపినా వచ్చే ఏడాది ఈ మొదటిరోజు మళ్లీ ఎదురవుతుంది. దానికంటే బడి వేళను కొన్నాళ్లు కుదించండి. బెర్లిన్‌లో రూపొందిన ఒక పద్ధతిలో మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతోపాటు గదిలోనే ఉంటారు, నాలుగో రోజుకు ముందు విడిచి వెళ్లే ప్రయత్నమే చేయరు, ఆ మొదటి ఎడబాటు కూడా కొద్ది నిమిషాలే. మీ బడివారితో మాట్లాడి, కాసేపు మీరు లోపల కూర్చునేందుకు, తరవాత గంటో రెండు గంటలో ఉంచి తీసుకొచ్చేందుకు అనుమతి అడగండి. ససేమిరా ఒప్పుకోకపోతే, ఏడ్చే బిడ్డను ఎత్తుకునేవారే లేరని మీకు అనిపిస్తే, అప్పుడు మార్చాల్సింది బడిని. చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో కుదురుకుంటారు. నాలుగు వారాలు దాటినా భయం ఇదే తీవ్రతతో ఉన్నా, తిండి, నిద్ర తగ్గిపోయినా, ఇంట్లో చక్కగా మాట్లాడే బాబు మొదటి నెల గడిచాక కూడా బడిలో అసలు నోరు విప్పకపోయినా, పిల్లల వైద్యుడిని కలిసి అవసరమైతే పిల్లల మానసిక నిపుణుల సలహా తీసుకోండి.