అడగండి చెప్తాం: యాభై నాలుగేళ్ళ మారథాన్

ప్ర: ఒలింపిక్స్‌లో పరుగు మొదలుపెట్టి యాభై ఏళ్ళకి ముగించినాయన ఉన్నాడని మా టీ అంగడి కాడ ఒకాయన పందెం కాస్తన్నాడు, నిజమేనా సార్?
- ఒక పాఠకుడు, అనంతపురం

జ: పందెం కాయొద్దు, ఓడిపోతారు! జపాన్ ఆయన షిజో కనకురి, 1912 స్టాక్‌హోమ్ మారథాన్, ఆరోజు ఎండ 32 డిగ్రీలు (మన అనంతపురంలో అది చలికాలమే అనుకోండి), దారిలో సొమ్మసిల్లి ఎవరింటి తోటలోనో ఆగి జ్యూస్ తాగి రెస్ట్ తీసుకొని, అధికారులకి ఒక్క మాట కూడా చెప్పకుండా జపాన్ వెళ్ళిపోయాడు. స్వీడన్ వాళ్ళ లెక్కలో మనిషి మిస్సింగ్! నిజానికి 1920, 1924 ఒలింపిక్స్‌లో కూడా పరిగెత్తినాడు పాపం, ఎక్కడికీ పోలా. 1967లో పిలిపించి, 75 ఏళ్ళ వయసులో ఫినిష్ లైన్ దాటించినారు. టైమ్ 54 ఏళ్ళ 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. ఆ పాయింట్ మూడు ఎవరు చూసినారో గానీ! మధ్యలో పెళ్ళి, పిల్లలు, మనవళ్ళు కూడా అయిపోయినారు.