పొద్దున్నే టిక్ టిక్, షోరూమ్‌కు వెళ్తే నిశ్శబ్దం: కొత్త కారు అడగవచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట. పద్నాలుగు నెలల కిందట విశాఖలోని ఒక షోరూమ్‌లో రూ.11 లక్షలకు కొత్త పెట్రోలు కారు కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. రెండు నెలలుగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్‌లో టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, ఐదు నిమిషాలకు ఆగిపోతోంది. మూడుసార్లు తీసుకెళ్తే ‘ఏమీ లేదు సార్, నార్మలే’ అని పంపేశారు. కొత్త కారు ఇమ్మని కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ఇవాళ వేస్తే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. మీ దగ్గర చప్పుడుకు రుజువు లేదు. పైగా ‘నార్మల్’ అని రాసిన జాబ్ కార్డులు (బండి తీసుకున్నప్పుడు షోరూమ్‌వాళ్లు ఫిర్యాదు, చేసిన పని రాసే కాగితాలు) మీకంటే వాళ్లకే పనికొస్తాయి.

మీరు నరసన్నపేటలో బయలుదేరితే సింగుపురం చేరేలోపే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఇక విశాఖలో మెకానిక్ బానెట్ ఎత్తి ఏం వింటాడు? ఈసారి సాయంత్రం బండి అప్పగించి రాత్రంతా అక్కడే ఉంచండి. మర్నాడు పొద్దున మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి. జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టొద్దు. చల్లని ఇంజిన్‌లో చప్పుడు, ఎంతసేపు, ఎప్పటినుంచి అన్నది మీ మాటల్లోనే రాయించండి. ఇంటి దగ్గర నాలుగైదు రోజులు వీడియో తీయండి. మీటరు రీడింగు కనబడాలి. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపిన కాపీని నమ్ముకోవద్దు. కేసులో దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ రుజువులకు కావాల్సిన ధ్రువపత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద జత చేయండి.

చప్పుడుకు కారణం చెప్పాల్సింది మెకానికే గానీ, కారణాన్ని బట్టి కేసు మారుతుంది. రాత్రి కిందికి దిగిన ఆయిల్ మళ్లీ హైడ్రాలిక్ లిఫ్టర్లకు (ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తూ ఇంజిన్ వాల్వులను కదిపే భాగాలు) చేరేదాకా కొన్ని సెకన్లు టిక్ మంటే పెద్ద విషయం కాదు. ఐదు నిమిషాలంటే మాత్రం అలా కొట్టిపారేయలేం. ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అతుకులో ఉండే గాస్కెట్ దగ్గర సందు ఉన్నా ఇలాగే ఉంటుంది, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే చప్పుడు ఆగుతుంది. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడండి. బయట గ్యారేజీలో మాన్యువల్‌లో లేని గ్రేడు ఆయిల్ పోయించి ఉంటే కంపెనీ పట్టుకునే మొదటి పాయింటు అదే, కాబట్టి సర్వీసు బిల్లులన్నీ దాచండి. చప్పుడు బరువైన ‘టక్ టక్’గా మారి, వేడెక్కినా తగ్గకుండా, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే బండి నడపొద్దు.

కొత్త కారు ఆశ మాత్రం తగ్గించుకోండి. మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని మార్చితే సరిపోయేచోట కారు మొత్తం మార్చమనలేమంది. మీకు దగ్గరి కేసు 2010 నాటి సి.ఎన్. అనంతరామ్ వర్సెస్ ఫియట్ ఇండియా. అందులోనూ గొడవ ఇంజిన్ చప్పుడు గురించే. స్వతంత్ర నిపుణుడు తయారీ లోపం ఉందని తేలిస్తేనే ధర వాపసు అని కోర్టు చెప్పింది. కాబట్టి ఫిర్యాదుతోపాటే నిపుణుడి పరీక్ష కోరుతూ దరఖాస్తు పెట్టండి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 అందుకు వీలిస్తుంది. ముందు ఉచిత మరమ్మతు, పరిహారం అడిగి, అవి కుదరకపోతేనే వాపసు అని రాయండి. డీలరును, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

దావాకు ముందు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తే కొన్నిసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. కాకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, విశాఖ వెళ్లక్కర్లేదు: మీరు ఉండే చోట వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. పది నుంచి ఇరవై లక్షల మధ్య ధరకు ఫీజు రూ.400. గడువు రెండేళ్లు, దాన్ని చప్పుడు మొదలైన నాటి నుంచే లెక్కపెట్టుకోండి. వారంటీ చివరి ఏడాది దాకా ఆగొద్దు.