శోధన రావడమే పాపం కాదు బ్రదర్

రాత్రి ఫోన్ పట్టుకోగానే చూడకూడనివి చూడాలనిపిస్తోందని, ఎంత ప్రార్థించినా మళ్ళీ పడిపోతున్నానని, దేవుడు వదిలేశాడేమోనని రాశారు. ముందు ఆ భయం తీసేయండి. 40 రోజుల ఉపవాసం తర్వాత యేసు ప్రభువుకూ శోధన, అంటే పాపం వైపు లాగే పరీక్ష, వచ్చింది, ఆయన పాపం చేయలేదు. మూడుసార్లూ బైబిల్లోని ద్వితీయోపదేశకాండం మాటలతోనే సాతానుకు జవాబిచ్చాడు. మీరూ ఒకటి రెండు వచనాలు పగలే కంఠతా పట్టండి. ఆ క్షణంలో బైబిల్ వెతుక్కుంటూ కూర్చోలేం.

ఇంకో సంగతి. తన యజమాని పోతీఫరు భార్య తనతో పాపం చేయమని పట్టుకున్నప్పుడు యోసేపు అక్కడే నిలబడి బలం ఇమ్మని అడగలేదు, వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు. మనం మాత్రం ఫోన్ దిండు పక్కనే పెట్టుకుని ప్రార్థిస్తాం! దేవుడు తప్పించుకునే మార్గం కూడా ఇస్తాడని 1 కొరింథీయులు 10:13లో ఉంది కదా. ఫోన్‌ను వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి పడుకోవడమే మీకు ఆ మార్గం కావచ్చు. నాకైతే అదే చాలా సాయపడింది.

పడిపోయిన రోజు కూడా ప్రార్థన మానకండి. మీరు నమ్మే ఒక పెద్ద విశ్వాసికి విషయం చెప్పి, కలిసి ప్రార్థించమనండి. యాకోబు 5:16 చెప్పేది అదే. చెప్పాలంటే టెన్షన్‌గానే ఉంటుంది, అయినా ఈ వారమే చెప్పండి.