తెలుగు మీడియం అమ్మాయి, ఇంగ్లిష్ పర్యాయపదాలు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ దాకా తెలుగు మీడియం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమవుతోంది. ఆర్థడాక్స్, కన్వెన్షనల్, డాక్ట్రిన్, డాగ్మా, యాక్సియమ్ వంటి మాటలకు ‘సంప్రదాయం’, ‘సిద్ధాంతం’ అనే రాసుకుంటోంది. రోజూ భోజనాల దగ్గర నేనే అప్పజెప్పించుకుంటున్నా తప్పులు పోవడం లేదు. మూడు వేల పదాలు నేర్పే ఆన్‌లైన్ కోర్సు మంచిదా, స్పోకెన్ ఇంగ్లిష్ మంచిదా? చిన్నప్పుడే ఇంగ్లిష్ మీడియంలో వేయకపోవడం నా తప్పేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు ప్రశ్న చివరిది. కాదు, మీ తప్పేమీ లేదు. కాన్వెంటులో చదివిన పిల్లలూ సరిగ్గా ఈ మాటల దగ్గరే తడబడతారు. ఇవి ఇంట్లోనో బజారులోనో చెవిన పడే మాటలు కావు మరి.

లోపం ఆ జాబితాలో ఉంది. రెండు ఇంగ్లిష్ మాటల ఎదుట ఒకే తెలుగు మాట రాసుకుంటే తేడా ఎలా తెలుస్తుంది? నిజానికి ఆ తేడాలు మీ అమ్మాయి తెలుగులో చదివినవే. బడిలో సంప్రదాయేతర ఇంధన వనరుల పాఠం ఉంటుంది: సౌరశక్తి, పవనశక్తి. వాటినే ఇంగ్లిష్‌లో నాన్ కన్వెన్షనల్ అంటారు. అంటే కన్వెన్షనల్ అన్నది అందరూ వాడుతూ వస్తున్న పద్ధతి. ఆర్థడాక్స్‌లో ‘ఇదే సరైనది’ అనే పట్టు కూడా ఉంటుంది. గ్రీకులో ఆర్థోస్ అంటే సరైన, డోక్సా అంటే అభిప్రాయం. వేరే అభిప్రాయమైతే హెటరోడాక్స్. క్రికెట్ చూస్తుందేమో అడగండి. మన హైదరాబాద్ స్పిన్నర్ వెంకటపతిరాజు ఎడమచేతి వేళ్లతో తిప్పి వేసింది స్లో లెఫ్ట్ ఆర్మ్ ఆర్థడాక్స్. కుల్దీప్ యాదవ్ మణికట్టుతో తిప్పేది అన్‌ఆర్థడాక్స్. అక్కడ మడీ ఆచారం ఏమీ లేవు.

పాలిటీలో కేశవానంద భారతి కేసు చదివే ఉంటుంది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదంటూ 1973లో సుప్రీంకోర్టు 7–6 మెజారిటీతో నిలబెట్టిన ‘మౌలిక స్వరూప సిద్ధాంతం’ డాక్ట్రిన్. ఆరుగురు న్యాయమూర్తులు దానికి ఒప్పుకోలేదు, చర్చ జరిగింది. అలాంటి చర్చకే చోటివ్వకుండా ‘నమ్మి తీరాలి’ అంటే అది డాగ్మా. నేటి వాడుకలో ఈ మాటలో కొంత విమర్శ ధ్వనిస్తుంది. ఇక ఒకే దానికి సమానమైనవి పరస్పరం సమానమని యూక్లిడ్ చెప్పినట్లు, నిరూపణ అడగకుండా ఒప్పుకునేది యాక్సియమ్.

ఆర్థడాక్స్‌కు పర్యాయపదం అడిగి, ఇచ్చిన నాలుగింటిలో కన్వెన్షనల్ ఉంటే అదే గుర్తించమనండి. అంత సూక్ష్మం అక్కడ అక్కర్లేదు. ఖాళీలు పూరించే చోట, ప్యాసేజీలో ఈ తేడాలు పనికొస్తాయి.

ఆన్‌లైన్ కోర్సుల మీద నాకు గట్టి అనుమానమే ఉంది. ఫోనులో కార్డులు తిప్పుతుంటే ‘ఈ రోజు వంద పదాలు పూర్తి’ అని చూపిస్తుంది. పూర్తయింది తిప్పడం మాత్రమే. మాటను చూసి గుర్తుపట్టడం వేరు, అది ఏ వాక్యంలో ఇముడుతుందో తెలియడం వేరు. అమెరికాలో పీజీ చదవడానికి రాసే జీఆర్‌ఈ కోసం ఒకప్పుడు ఇలాంటి జాబితాలే బట్టీ పట్టేవారు. ఆ పరీక్షే 2011లో విడి పదాల వ్యతిరేకార్థ ప్రశ్నలను తీసేసింది. ఎస్‌ఎస్‌సీ ఇంకా విడిగా అడుగుతోంది కాబట్టి పాత ప్రశ్నపత్రాల్లోని మాటలు చదవాల్సిందే. అవి ఉచితంగానే దొరుకుతాయి. సీజీఎల్‌లో ఇంటర్వ్యూ లేదు కనుక, స్పోకెన్ ఇంగ్లిష్ ఇప్పుడు వద్దు.

ఇక మీ సంగతి. డిగ్రీ పూర్తిచేసిన మనిషి చేత కంచం ముందు పదాలు అప్పజెప్పించుకోవడం ఏమిటండీ? తప్పు చెప్పినప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో ఆమెకు కనిపించదా? మీ పశ్చాత్తాపాన్ని ఆమె చేత వల్లె వేయిస్తున్నారు. ఈ రాత్రి నుంచే మానేయండి. కోర్సుకు దాచిన డబ్బులో కొంత పెట్టి ఒక ఇంగ్లిష్ దినపత్రిక వేయించండి. కొత్త మాట కనిపిస్తే ఆ వాక్యం మొత్తం నోటుబుక్కులో రాసుకోమనండి. రాసుకుందో లేదో మాత్రం మీరు అడగకండి.