‘ఈరోజు ఎగరొద్దు’ అనే మనిషిని పెట్టుకో

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్ చేశాడు. కావలి పక్కన షెడ్డు అద్దెకు తీసుకున్నావట, ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నావట, సంక్రాంతికి ఎగరేస్తానని డబ్బు పెట్టినవాళ్లకు మాటిచ్చావట. మొదటి రెండూ విని సంతోషించాను. మూడోది విన్నాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల రిపేర్లు చేస్తూ రిటైరైనవాణ్ణి, కొంచెం చాదస్తం ఉంటుంది, ఓర్చుకో.

మీది ఆరుగురి కంపెనీ. డిజైన్ నీది, డబ్బు తెచ్చేది నువ్వు, జీతాలిచ్చేదీ నువ్వే. ఇక ‘ఈరోజు ఎగరొద్దు’ అనే అధికారం కూడా నీ దగ్గరే ఉంటే ఆ మాట ఎవరూ అనరు, నువ్వూ అనవు. గేటు దగ్గర పెట్టుబడిదారు కారు దిగుతుంటే, బ్రాకెట్ మీద సన్నటి గీత కనపడినా అది పెయింటు గీతే అనిపిస్తుంది. అందుకని విమానం ఇంకా షెడ్డులో ఉండగానే, ఎవరికీ ఏ టెన్షనూ లేనప్పుడే, ఆ అధికారం ఒకరికి కాగితం మీద రాసివ్వు. వాళ్లు వద్దంటే ఆ రోజుకు వద్దు. కారణం కావాలంటే మర్నాడు అడుగు, అప్పటికప్పుడు వాదన పెట్టుకోకు. ఎవరిని పెట్టాలంటావా? నీ మొహం మీద కాదనగలిగినవాళ్లను. డిజైన్‌లో చెయ్యి పెట్టినవాళ్లు మాత్రం వద్దు, కాకిపిల్ల కాకికి ముద్దు. జీతం కోసం నీ మీద ఆధారపడనివాళ్లు దొరికితే మరీ మంచిది.

ఇది చిన్న కంపెనీల జబ్బు మాత్రమే అనుకోకు. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడది ప్రాంతంలో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వాళ్ల సరస్ అనే ప్రయాణికుల విమానం రెండో నమూనా కూలి ముగ్గురు ఎయిర్‌ఫోర్స్ అధికారులు చనిపోయారు. గాల్లో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూసే పరీక్ష అది. ఆ రీస్టార్ట్ పద్ధతిలోనే తప్పుందని విచారణలో తేలింది. అంత పెద్ద సంస్థ, అంత అనుభవమున్న పైలట్లు! కాబట్టి ప్రతి పరీక్షకూ ఏ పని తర్వాత ఏ పనో, ఎన్ని అడుగుల కిందికి వస్తే పరీక్ష మానేసి దిగాలో ముందురోజే రాసుకోండి. రాయనిది గాల్లో చెయ్యకండి.

బరువు సంగతి. మైక్రోలైట్ అనే తేలికపాటి తరగతిలోకి రావాలంటే విమానం, మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపి 450 కిలోలు దాటకూడదు. షెడ్డులో ప్రతివాడూ ‘రెండొందల గ్రాములే కదా’ అంటాడు. అట్టాంటివి వంద చేరితే ఇరవై కిలోలు, మూడొందలు చేరితే ఒక మనిషి బరువు. ఎక్కించే ప్రతి వస్తువునూ తూచి పుస్తకంలో రాయించు. పూర్తయ్యాక మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టి బరువు ఎక్కడ పడుతోందో లెక్కకట్టాలి. బరువు వెనక్కి జరిగితే మాత్రం అసలు ఎగరేయొద్దు. మీ చుట్టుపక్కల రొయ్యలు కొనేవాళ్లందరి దగ్గరా ఎలక్ట్రానిక్ కాటాలుంటాయి. తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉన్నవే తెచ్చుకో.

రెక్కను తిరగేసి కట్టి ఇసుక బస్తాలు పేర్చి చూశావా? మామూలు చిన్న విమానాలకు రెక్క విమానం బరువుకు 3.8 రెట్ల భారం మోసి మళ్లీ యథాస్థితికి రావాలి. ఆ భారానికి ఒకటిన్నర రెట్లు వేస్తే కనీసం మూడు సెకన్లు విరక్కుండా నిలవాలి. పెన్నా ఇసుక తడిగా ఉంటే బరువు మోసం చేస్తుంది, ఆరబెట్టి ప్రతి బస్తానూ తూచు.

సంక్రాంతి దాటితే ఎండలొస్తాయని తొందరపడుతున్నావేమో. ఆ భయంలో న్యాయముంది. 45 డిగ్రీల ఎండలో మన సముద్రమట్టం గాలి కూడా దాదాపు 3,500 అడుగుల ఎత్తున ఉండే గాలంత పల్చబడుతుంది. ఇంజిన్ బలం తగ్గుతుంది, నేల మీద పరుగు పెరుగుతుంది. ఫైబర్‌ను అతికించే ఎపాక్సీ జిగురు, ఓవెన్‌లో పెట్టకుండా గట్టిపడే రకం అయితే 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో ముదురు రంగు రెక్క ఆ వేడిని ఇట్టే దాటేస్తుంది. ఫైబర్ విమానాలకు తెల్లరంగు వేసేది అందుకే. మీ డిజైనర్ ఎర్రరంగు అడిగితే తోక మీద నంబరుకు వేసుకోమను. ఎండాకాలం వచ్చిందంటే తెల్లారి గాలి లేవకముందే పరీక్షలు పెట్టుకో, కుదరకపోతే ఆగు. ఆగితే పోయేది అద్దె.

ఇంజిన్ ఏది కొంటున్నావో మీ నాన్న చెప్పలేదు. రోటాక్స్ 912 అయితే పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం దాకానే కంపెనీ ఒప్పుకుంటుంది. మన బంకుల్లో ఇప్పుడొచ్చేది 20 శాతం. ఇథనాల్ నీళ్లను పీలుస్తుంది, కొన్ని రెజిన్ ట్యాంకుల్నీ రబ్బరు పైపుల్నీ తినేస్తుంది. బంకు క్యాను షెడ్డులోకి రానివ్వకు.

డబ్బు పెట్టినవాళ్లకు సంక్రాంతికి ఏదో ఒకటి చూపించాలి కదా, రిమోట్‌తో నడిచే నాలుగో వంతు సైజు నమూనా ఎగరేసి చూపించు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గుర్తింపు ఉన్న స్టార్టప్ పరిశోధన కోసం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్లు ఎగరేయగల ప్రాంతంలో), తన అదుపులో ఉన్న స్థలంలో ఎగరేసుకుంటే టైప్ సర్టిఫికెట్టూ రిమోట్ పైలట్ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. మీ స్థలం గ్రీన్ జోన్‌లో ఉందో లేదో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో చూసుకో. దక్షిణాన శ్రీహరికోట ఉన్న సంగతి మర్చిపోకు. రెక్క గుణం, తోక చాలుతుందా లేదా, చాలా వరకు అక్కడే తెలుస్తాయి. కూలినా బాధే తప్ప ప్రాణాలు పోవు.

మనిషి ఎక్కే విమానం కాగితాలకు మాత్రం సమయం పడుతుంది. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో జనమంతా చూశారు. పౌర విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ వచ్చింది 2017 నవంబరులో, ఎగిరేందుకు పర్మిట్ వచ్చింది 2019లో. కట్టడం అయ్యాక చూద్దాంలే అనకుండా ఇప్పుడే ఫైలు మొదలుపెట్టు. ఈలోపు హైవే మీద కాస్త గంతేయిద్దామనే ఆలోచన వద్దు. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద ఎయిర్‌ఫోర్స్ విమానాలు దిగాయంటే అటూ ఇటూ ట్రాఫిక్ ఆపి, అంత బందోబస్తు పెట్టి చేశారు.

‘ఈరోజు ఎగరొద్దు’ అనే అధికారం ఎవరికిస్తున్నావో పేరు రాశాక కాగితం ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి. డబ్బు పెట్టినవాళ్లకూ ఒక కాపీ పంపు. సంక్రాంతి మాట తప్పుతోందని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నచ్చజెప్పడం కన్నా అదే తేలిక.

మీ పెదనాన్న